మ్యాక్స్ అరవై

బుధవారం మధ్యాహ్నం రెండుంబావుకు ఉమాకాంత్, గది తెరిచి ఊడ్చే బుగ్గయ్య చేతిలోంచి తాళంచెవుల గుత్తి తీసుకున్నాడు. అశోక్ నగర్‌లో తాను నడిపే రీడింగ్ రూమ్‌లో, క్యాబిన్లలో చదువుకుంటున్నవాళ్లంతా తలలెత్తి చూస్తుండగా తీసుకున్నాడు. ఆ సమయానికి గోడ మీద ఫ్యాన్ల వేగం చూపే డిస్‌ప్లేలో అంకె తొంభై రెండు.

"రేపటి నుంచి రాకు" అన్నాడు.

బుగ్గయ్య మరో చేతిలో చీపురు ఉంది. దాన్ని తలుపు వెనక నిలబెట్టాడు. అది జారింది. వంగి మళ్లీ నిలబెట్టాడు.

"నేను ముట్టలేదు సార్."

"ముట్టకుంటే దానంతట అదే ఎక్కిందా?"

"అది నాకు తెల్వది. నేనైతే ముట్టలేదు."

ఉమాకాంత్ కిటికీ పక్క క్యాబిన్ వైపు తిరిగాడు. "రోజా, నువ్వు చెప్పు. డబ్బా తెరవకుండ అది అరవై దాటుతదా?"

రోజా లేచి నిలబడింది. క్యాబిన్లలోని ఫ్యాన్లను నడిపే బోర్డును తయారుచేసి, గోడకు బిగించి, డబ్బాలో పెట్టింది ఆమే. బిగించిన రోజు కూడా ఉమాకాంత్ ఇదే అడిగాడు. డబ్బా తెరిచి ఎవరైనా చేతితో తిప్పితే తప్ప దాటదు సార్ అని ఆమె అప్పుడు చెప్పింది. ఆ డబ్బాకు ఒకటే తాళం. తాళంచెవి, గది తాళంచెవితో పాటు, బుగ్గయ్య దగ్గర ఉండేది.

"దాటదు సార్" అంది.

బుగ్గయ్య ఆమె వైపు చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. కొక్కేనికి వేలాడుతున్న టిఫిన్ డబ్బా తీసుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు, మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఫ్యాన్లు జోరుగా తిరుగుతూనే ఉన్నాయి. వెనక వరసలో ఎవరిదో కాగితం ఎగిరి చీపురు దగ్గర పడింది.

ఆ గదిలో ఒక్కో క్యాబిన్‌కు మూడు వైపులా ప్లైవుడ్ చెక్క, పైన ట్యూబ్‌లైటు, ముఖానికి ఎదురుగా అరచేయంత ఫ్యాన్ ఉంటాయి. నిరుడు ఎండాకాలం ఫ్యాన్లన్నీ పగలంతా పూర్తి వేగంతో తిరిగాయి. గోల భరించలేమని కొందరు సీట్లు మార్చుకున్నారు, రెండు ఫ్యాన్లు కాలిపోయాయి. ఈసారి గదిలో వేడిని బట్టి వేగం దానంతట అదే మారేలా చెయ్యగలవా అని ఉమాకాంత్ రోజాను అడిగాడు. ఆమె ఆదివారాలు నారాయణగూడలో బోర్డులు, ప్రోగ్రాములు నేర్చుకుంటోందని ఆయన విన్నాడు. చేస్తే సీటుకు ఫీజు వద్దన్నాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు.

"మ్యాక్స్ అరవై పెట్టు. అరవై అంటే అరవై."

ఆమె అలాగే పెట్టింది. స్తంభానికి, వేడిని కొలిచే, స్టీలు మూతి ఉన్న సెన్సర్‌ను వైరుతో వేలాడదీసింది. వేడి ఇరవై నాలుగు డిగ్రీలుంటే వేగం సున్నా, నలభై ఉంటే వంద, మధ్యలో దానికి తగ్గట్టు. ఆ వచ్చిన అంకెకు అడ్డుకట్టగా ఇంకో లైను రాసింది. పొద్దున ఆరింటికి, గది తెరవగానే, బోర్డుకు కరెంటు ఇచ్చింది. డిస్‌ప్లేలో అరవై కనిపించింది. ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు. ఉమాకాంత్ ఆ అంకెను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన మధ్యాహ్నం పూట ఆ గదికి రావడం ఈ బుధవారమే. మధ్యాహ్నాలు అంకె ఎక్కడం రోజా చూసింది, ఉడుకపోతకు బుగ్గయ్య తిప్పుతున్నాడనుకుంది.

*

గురువారం పొద్దున తలుపు తీసింది ఉమాకాంత్. ముఖం కూడా కడుక్కోకుండా వచ్చినట్టున్నాడు. రోజా ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"వాడు ఏం తిప్పిండో చూసి సక్కగ చెయ్యి" అని డబ్బా తాళం తీశాడు.

డబ్బాలో, బోర్డు పక్కన, పరీక్ష కోసం పెట్టిన చిన్న నాబ్ ఉంది. చేతితో వేగం పెంచాలంటే దాన్నే తిప్పాలి. బిగించిన రోజు రోజా దాన్ని సున్నా మీద ఉంచి, కదలకుండా పైన నల్ల టేపు ముక్క అంటించింది. టేపు అంటించినట్టే ఉంది. దాని మీద ఆమె వేలిముద్ర కూడా చెరగలేదు.

ఆమె టేపును చూస్తూ ఉండిపోయింది. ఉమాకాంత్ ఆవలించాడు.

"ఏమైంది?"

"ఏం లేదు సార్."

ల్యాప్‌టాప్ తగిలించి ప్రోగ్రామును మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఆమె రాసింది రాసినట్టే ఉంది. అదే ప్రోగ్రామును మళ్లీ బోర్డులోకి ఎక్కించింది. డిస్‌ప్లే ఒకసారి ఆరి వెలిగింది. అరవై.

"అయిపాయె" అన్నాడు ఉమాకాంత్. డబ్బాకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "మనిషిని నమ్మరాదు రోజా. మెషిన్ అయితే చెప్పినట్టు ఇంటది."

మధ్యాహ్నం అంకె తొంభై ఒకటికి చేరింది. రోజా తన క్యాబిన్ లోంచి దాన్ని చూసింది. డబ్బాకు తాళం ఉంది. తాళంచెవి ఉమాకాంత్ జేబులో ఉంది, ఉమాకాంత్ లోయర్ ట్యాంక్ బండ్‌లో ఏదో పని మీద ఉన్నాడు. ఆమె ముందున్న పుస్తకంలో రాజ్యాంగ సవరణల పేజీ తెరిచి ఉంది. సాయంత్రం దాకా ఆ పేజీ తిప్పలేదు.

ఉమాకాంత్‌కు ఫోన్ చేయడానికి రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది. చెప్తే ఏమని చెప్పాలో తెలియదు. తప్పు ఎక్కడుందో తనకే దొరకలేదు. తప్పు తనదే అయితే సీటు పోతుంది. పరీక్షకు రెండు నెలలు కూడా లేవు. చిక్కడపల్లి హాస్టల్‌లో ఆమె గదిలో నలుగురు ఉంటారు, ఒకటే బల్ల ఉంటుంది.

శుక్రవారం ఉమాకాంత్ మెసేజ్ పెట్టాడు. చిక్కడపల్లిలో అమ్మాయిల కోసం ఇంకో రీడింగ్ రూమ్ తెరుస్తున్నాడు. ఆ ఇంటి యజమానిని తీసుకుని మధ్యాహ్నం వస్తున్నాడు, ఫ్యాన్ల ఏర్పాటు చూపించాలట.

రోజా డిస్‌ప్లే చూసింది. తొంభై నాలుగు. లేచి తాగునీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి రుమాలు తడిపింది. పిండి, తెచ్చి, స్తంభం మీది సెన్సర్ స్టీలు మూతికి చుట్టింది. అంకె దిగడం మొదలైంది. ఎనభై ఏడు. డెబ్బై తొమ్మిది. అరవై ఆరు. అరవై.

అక్కడ ఆగింది. చల్లటి సీసా నీళ్లు రుమాలు మీద ఇంకొన్ని పోసింది. అరవయ్యే.

"జ్వరమొచ్చిందా అక్కా దానికి?"

పక్క క్యాబిన్ శ్రీనాథ్. సిద్దిపేట వైపు నుంచి వచ్చి గ్రూప్ టూకు చదువుతున్నాడు. కుర్చీ వెనక్కి వంచి చూస్తున్నాడు.

"నీ పని నువ్వు చూస్కో."

"చూస్కుంట. ఒక్క డౌట్ అక్కా. తాళంచెవి సార్ జేబుల ఉంది. బుగ్గయ్య కాక అంబర్‌పేట్‌ల ఉన్నడు. మరి ఇయ్యాల ఎవరు తిప్పిన్రు?"

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రోజా రుమాలు కనపడకుండా స్తంభానికి ఆనుకుని నిలబడింది.

ఉమాకాంత్ డిస్‌ప్లే వైపు వేలు చూపించి వెంట వచ్చినాయనతో అన్నాడు. "చూసిన్రా, ఆ మనిషిని తీసేసినంక ఎంత కుదురుగ ఉన్నదో." ఆయన తల ఊపాడు. రుమాలులోంచి నీళ్లు రోజా పాదం మీద చుక్కలుగా పడుతున్నాయి. వాళ్లు వెళ్లేదాకా ఆమె పాదం కదపలేదు.

*

ఆదివారం తరగతి రత్నమాల ఇంట్లో, నారాయణగూడలో, మొదటి అంతస్తు ముందు గదిలో. రత్నమాల పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయింది. ఆమె తండ్రి ఉద్యోగరీత్యా తెనాలి నుంచి ఈ ఊరికి వచ్చాడు. ఆమె పుట్టింది ఇక్కడే, మాట మాత్రం ఇంట్లో మాటే నిలిచింది. అందరూ వెళ్లిపోయాక రోజా ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ముందు పెట్టింది.

"ఎంత చల్లబరిచినా అరవై కంటే దిగుతలేదు మేడమ్. వేడెక్కితే అరవై దాటిపోతుంది."

రత్నమాల కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుంది. ఒక లైను దగ్గర ఆమె వేలు ఆగింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి రెండు స్టీలు గ్లాసులు తెచ్చింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రోజా చేతుల్లో చెరొకటి పెట్టింది.

"ఇప్పుడు నువ్వు మనిషివి కాదు, మ్యాక్స్‌వి. నీకు తెలిసిన పని ఒక్కటే. రెండిటిలో పెద్దది నాకివ్వాలి. ఇవ్వు."

రోజా పెద్ద గ్లాసు ఇచ్చింది.

"గ్లాసులు కాదు, అంకెలు. పొద్దున ఆరు గంటలు, గది చల్లగా ఉంది. వేగం ఇరవై వచ్చింది. నువ్వు రాసింది అరవై. ఇరవై, అరవై. ఏదిస్తావు?"

"అరవై."

"మధ్యాహ్నం అయింది. వేగం తొంభై వచ్చింది. తొంభై, అరవై. ఏదిస్తావు?"

"తొం…" అని రోజా ఆగిపోయింది. చేతిలో మిగిలిన చిన్న గ్లాసును చూసింది.

"అర్థమైందా?"

"మ్యాక్స్ అరవై అంటే అరవై దాటొద్దని కాదా మేడమ్?"

"మనకు అంతే. మ్యాక్స్ పది నిమిషాల్లో వస్తానంటే పది దాటనని. నేనూ అలాగే అంటాను. బోర్డుకి మన వాడుక తెలియదమ్మా. మ్యాక్స్ అంటే దానికి రెండిటిలో పెద్దది, అంతే. దాటకుండా ఆపాలంటే చిన్నది తియ్యమనాలి. మిన్. నువ్వు పైకప్పు వేద్దామనుకుని నేల వేశావు."

రోజా ఆ లైనును మళ్లీ చదివింది.

"ప్రతి బ్యాచిలో ఒకరైనా ఈ గోతిలో పడతారు. మొదటి వారమే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు." రత్నమాల చిన్న గ్లాసు కూడా తీసుకుంది. "రెండు వైపులా హద్దు కావాలంటే అసలు దానికి వేరే మాటే ఉంది. కన్‌స్ట్రెయిన్. మూడు ఇవ్వాలి. వచ్చిన అంకె, ఇంతకు దిగకు అనేది, ఇంత దాటకు అనేది. పొద్దున చలికి వణికేవాళ్లూ ఉంటారు కదా నీ గదిలో. ఇంతకీ తరగతి కోసం చేసిందేనా ఇది, ఎక్కడైనా బిగించావా?"

"రీడింగ్ రూమ్‌లో బిగించిన."

"ఎవరికైనా ఇబ్బంది అయిందా?"

"ఒకాయన పని పోయింది మేడమ్."

రత్నమాల గ్లాసులు బల్ల మీద పెట్టి కూర్చుంది. "అయితే ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావు?" అంది.

*

అంబర్‌పేట్‌లో బుగ్గయ్య ఇల్లు కనుక్కోవడానికి రోజాకు గంట పట్టింది. గుమ్మంలో అతని భార్య ఎల్లవ్వ గోంగూర ఒలుస్తోంది. రోజా పేరు చెప్పింది.

"నువ్వేనా ఆ ఫ్యాన్ల పిల్లవు" అంది ఎల్లవ్వ. చెయ్యి ఆపలేదు. "లోపలికి రా. ఫ్యాన్లు తిప్పినోని ఇల్లు ఇదే. మా గల్లీల గూడ తెలిసింది. మొన్న మా ఫ్యాన్ చెడిపోతే, నీ మొగుణ్ని అడుగరాదు అన్నరు."

బుగ్గయ్య లోపలి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రోజా నిలబడే చెప్పింది. మ్యాక్స్ సంగతి, నేల, పైకప్పు. అతనికి ఎంత అర్థమైందో ఆమెకు తెలియలేదు. టేపు సంగతి చెప్పినప్పుడు మాత్రం అతను తలెత్తాడు.

"టేపు తీయలేదని నీకు ఎప్పుడు తెలిసింది బిడ్డా?"

"బేస్తారం పొద్దున, గొడవ అయిన తెల్లారే."

"ఇయ్యాల ఐతారం."

"అవును కాకా."

ఎల్లవ్వ చేతిలోని కాడను చాటలో కాక పక్కన పడేసింది.

"సార్‌కు చెప్పినవా?" అన్నాడు బుగ్గయ్య.

"రేపు పొద్దున చెప్త."

"చెప్పు. నాతోని చెప్తే ఏమొస్తది, నేను ముట్టలేదని నాకు ముందే తెలుసు."

ఆమె వెళ్లడానికి తిరిగింది. ఎల్లవ్వ లేచి లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఎండల వచ్చినవ్, తాగు" అంది. రోజా అరుగు మీద కూర్చుని తాగింది.

*

సోమవారం పొద్దున ఉమాకాంత్ తలుపు తీసేసరికి మెట్ల మీద ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ లోపలికి వెళ్లాక రోజా ఆయన దగ్గరికి వెళ్లింది.

"సార్, బుగ్గయ్య కాక ఫ్యాన్లు తిప్పలేదు. తప్పు నా ప్రోగ్రాములో ఉంది."

ఉమాకాంత్ ఆమెను ఎగాదిగా చూశాడు. "ముసలాయన మీద జాలిపడుతున్నవా?"

"తాళంచెవి మీ దగ్గరే ఉంచుండ్రి. డబ్బా ముట్టను. చూడుండ్రి."

డిస్‌ప్లేలో అరవై ఉంది. ఆమె స్తంభం దగ్గరికి వెళ్లి సెన్సర్ స్టీలు మూతిని పిడికిట్లో పట్టుకుంది. కొంతసేపు అంకె కదల్లేదు. తర్వాత అరవై ఒకటి అయింది. అరవై రెండు. అరవై అయిదు. ఫ్యాన్ల చప్పుడు పెరిగింది. క్యాబిన్లలోంచి తలలు బయటికి వచ్చాయి.

"శుక్రవారం మీరు చూసింది నిజం అరవై కాదు సార్. తడి రుమాలు చుట్టిన."

ఉమాకాంత్ జేబు తడుముకుని తాళంచెవి బయటికి తీశాడు. దాన్ని ఎడమ చేతిలో పట్టుకుని కుడి చెయ్యి చాచాడు. "ఇటియ్యి."

రోజా సెన్సర్ వదిలింది. ఆయన పిడికిలి బిగించి డిస్‌ప్లే చూస్తూ నిలబడ్డాడు. అరవై ఎనిమిది. అరవై తొమ్మిది. డెబ్బై ఒకటి. ఆయన చెయ్యి తీశాడు. అంకె దిగింది, అరవై దగ్గర ఆగింది.

"నువ్వు ఏమని రాసినవ్?"

"మ్యాక్స్ అరవై అని."

"నేను చెప్పింది గదే కద."

"మీరు చెప్పిందే రాసిన సార్. అది దానికి వేరే తీరుగ అర్థమైతది. అరవై కంటే తగ్గొద్దని అనుకుంది."

"సార్," శ్రీనాథ్ క్యాబిన్ మీదుగా అన్నాడు, "మీరు మ్యాక్స్ ఐదు నిమిషాలని గంటకు వస్తరు. దానికి గూడ గట్లనే తెలిసినట్టుంది."

ఒకరిద్దరు నవ్వారు. ఉమాకాంత్ నవ్వలేదు, కోప్పడలేదు. తాళంచెవిని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు.

"సీటు ఖాళీ చెయ్యమంటే చేస్త సార్" అంది రోజా. ఆమె పుస్తకాలు అప్పటికే సంచిలో ఉన్నాయి. సంచి కుర్చీ మీద ఉంది.

ఆయన సంచిని చూశాడు. "నువ్వు ఖాళీ చేస్తే దీన్ని ఎవరు చూస్కుంటరు? నేనా?" అని డబ్బా తాళం తీశాడు. "సక్కగ చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

రోజా ల్యాప్‌టాప్ తీసింది. శ్రీనాథ్ లేచి వచ్చాడు.

"సార్, ఒక మాట. బిగించినప్పటి నుంచి మధ్యాహ్నాలు తొంభై మీదనే తిరుగుతున్నయ్. ఒక్కటి గూడ కాలలే. అరవైకి తెస్తే ఉడికిపోతం."

"ఫ్యాన్లు గోల చేస్తలేవా?"

"ఉడుకపోతకంటే ఆ గోల నయం. పొద్దున మాత్రం కాగితాలు ఎగిరిపోతున్నయ్."

ఉమాకాంత్ గదంతా ఒకసారి చూశాడు. ముందు వరసలో ఒకమ్మాయి చున్నీ చెవుల చుట్టూ కట్టుకుని కూర్చుంది. పుస్తకం రెండు వైపులా నీళ్ల సీసాలు పెట్టుకుంది.

"సరే. మ్యాక్స్…" అన్నాడు. ఆగాడు. "డెబ్బై ఐదు దాటొద్దు. ఇరవై కంటే దిగొద్దు. గిట్ల చెప్తే తెలుస్తదా దానికి?"

"తెలుస్తది సార్."

ఆమె పాత లైను తీసేసింది. కన్‌స్ట్రెయిన్ అని రాసి, మూడూ వరసగా ఇచ్చింది. వచ్చిన వేగం, ఇరవై, డెబ్బై ఐదు. బోర్డులోకి ఎక్కించింది. డిస్‌ప్లే ఆరి వెలిగింది. ఇరవై రెండు. గదిలో ఫ్యాన్లు నెమ్మదించాయి. చున్నీ కట్టుకున్న అమ్మాయి పైకి చూసి సీసాలు పక్కకు జరిపింది.

ఉమాకాంత్ మెట్ల దగ్గరికి వెళ్లి ఫోన్ చేశాడు. అవతల ఎత్తింది ఎల్లవ్వ అని ఆయన మాటల వల్ల రోజాకు తెలిసింది. చాలాసేపు ఆమే మాట్లాడినట్టుంది. ఉమాకాంత్ "అవునమ్మా" అన్నాడు. మళ్లీ "అవునమ్మా, నేనే అన్న" అన్నాడు. తర్వాత ఫోన్ చేయి మారినట్టుంది.

"బుగ్గయ్యా, తప్పు నీది కాదు. రేపు రా." ఒక క్షణం ఆగి, "ఆరు దాటకుండ రా" అన్నాడు.

మంగళవారం బుగ్గయ్య ఆరుకు పది నిమిషాల ముందే వచ్చాడు. ఉమాకాంత్ ఇంకా రాలేదు. రోజా మెట్ల మీద ఉంది. బుగ్గయ్య ఆమె పక్కన ఒక మెట్టు కింద కూర్చుని, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. మా ఎల్లవ్వ గోంగూర పచ్చడి పంపింది, మధ్యాహ్నం అడుగు అన్నాడు.

ఉమాకాంత్ వచ్చి తలుపు తీశాడు. తాళంచెవులు బుగ్గయ్యకు అందించబోయాడు. బుగ్గయ్య గది తాళంచెవిని గుత్తిలోంచి విడదీసి తీసుకున్నాడు. డబ్బా తాళంచెవి ఆయన చేతిలోనే వదిలేశాడు. చొక్కా జేబులోంచి ఒక మేకు తీశాడు. చెప్పు మడమతో డిస్‌ప్లే కింద, తలుపులోంచి వచ్చేవాళ్లందరికీ కనపడేచోట, దాన్ని గోడకు కొట్టాడు. రెండు దెబ్బలకు సున్నం రాలింది, మూడో దెబ్బకు దిగింది.

"అది దీనికి తగిలియ్యుండ్రి సార్" అన్నాడు. "నా చేతుల వద్దు, మీ జేబుల వద్దు."

ఉమాకాంత్ తగిలించాడు. బుగ్గయ్య తలుపు వెనక నుంచి చీపురు తీసి, గోడ కింద రాలిన సున్నాన్ని ఊడ్చాడు.

ఆ మధ్యాహ్నం రెండుంబావుకు డిస్‌ప్లేలో అంకె డెబ్బై ఐదు. తాళంచెవి మేకుకు ఉంది.